స్టిక్కరా, వాటర్ డెకాలా: విశాఖ తేమలో మీ కిట్టుకి ఏది నప్పుతుంది?

గండమ్ (జపాన్ సైన్స్ ఫిక్షన్ రోబో) మాస్టర్ గ్రేడ్, అంటే ఎంజీ, ప్లాస్టిక్ కిట్టు పెట్టె విప్పితే రన్నర్ల (భాగాలు అతికి ఉండే ప్లాస్టిక్ చట్రాల) అడుగున సాధారణంగా మూడు పల్చటి కాగితాలు కనిపిస్తాయి. ఒకటి వెండి రేకులా మెరుస్తుంది. రెండోది పారదర్శకంగా ఉంటుంది. మూడోదాని మీద అక్షరాలు గోటితో గీకితే ఊడొచ్చేలా ఉంటాయి. పైగా ఆన్‌లైన్‌లో చూసినవాళ్లంతా "అవన్నీ పక్కన పెట్టు, వాటర్ డెకాల్ తెప్పించుకో" అంటారు, అంటే నీళ్లలో ముంచి జార్చి అంటించే గుర్తులు. అక్కడితో కిట్టు ఆగిపోతుంది. నా దగ్గర ఒక కిట్టు ఇలాగే ఎనిమిది నెలలు బట్టతలతో నిలబడింది. (మొదటి కిట్టు పేరు చెప్పినప్పుడు మా అమ్మ "పేరులోనే గండం పెట్టుకున్న బొమ్మ ఇంట్లోకి ఎందుకురా" అంది. డెకాళ్ల దగ్గరకొచ్చేసరికి ఆవిడ మాట నిజమేననిపించింది.)

బొమ్మలు, ఓడలు, రోబోలు ఏవైనా సరే, సైన్స్ ఫిక్షన్ కిట్టుకి ప్రాణం పోసేవి ఈ గుర్తులే. హెచ్చరిక రాతలు, నంబర్లు, చిన్న ఎర్ర త్రిభుజాలు ఉంటేనే చేతిలోని ప్లాస్టిక్ ముక్క పద్దెనిమిది మీటర్ల యంత్రంలా కనిపిస్తుంది. నమ్మకపోతే బీచ్ రోడ్డులో టీయూ-142 విమానం మ్యూజియం దగ్గర ఒకసారి ఆగండి. ఆ పొడవాటి విమానం పక్కన నిలబడి దగ్గరగా చూస్తే, పెద్ద గుర్తులకంటే అక్కడక్కడా ఉన్న చిన్న చిన్న రాతలే కంటికి "ఇది నిజమైన యంత్రం" అని చెబుతాయి.

## ముందు టాప్‌కోట్ సంగతి తేల్చుకోండి

ఏ డెకాల్ మంచిదని అడిగేవాళ్లని నేను తిరిగి అడిగేది ఒకటే. చివర్లో టాప్‌కోట్, అంటే అన్నిటినీ కప్పే క్లియర్ స్ప్రే, కొడతారా, కొట్టరా? దీనికి జవాబు దొరికితే సగం ఎంపిక దానంతటదే అయిపోతుంది. అంచు కనబడటం, రంగు, ధర అన్నీ దాని తర్వాతే.

ఎందుకంటే వాటర్ డెకాల్‌ని ప్లాస్టిక్‌కి పట్టి ఉంచేది పల్చటి జిగురు పొర మాత్రమే. పైన టాప్‌కోట్ పడకపోతే చేతి వేలు తగిలినప్పుడు, కీలు కదిలినప్పుడు, దుమ్ము తుడిచినప్పుడు కాస్త కాస్తగా రేగిపోతుంది. స్టిక్కర్‌కి ఆ బాధ లేదు. దాని జిగురు దానికుంది, అంచు కాస్త లేచినా నొక్కితే మళ్లీ కూర్చుంటుంది.

ఇక టాప్‌కోట్ కొట్టాలంటే విశాఖలో ఇంకో చిక్కుంది. స్ప్రేలోని ద్రావకం ఆవిరయ్యేటప్పుడు ఆ భాగం పైపొర చల్లబడుతుంది. గాలిలో తేమ ఎక్కువుంటే అది అక్కడే పట్టి, పొర లోపల ఇరుక్కుపోతుంది. నల్లగా ఉండాల్సిన భుజం పాలు ఒలికినట్టు తెల్లబడుతుంది. తలుపులకి లక్కర్ కొట్టే మేస్త్రీని అడిగినా ఇదే చెబుతాడు, ముసురు పట్టిన రోజు లక్కర్ పాలిపోతుందని. నేను ఒక ఆగస్టులో "ఈ గంట వాన లేదు కదా" అని బాల్కనీలో మ్యాట్ (మెరుపు లేని) స్ప్రే కొట్టి, నల్ల కాళ్లని బూడిద రాసిన కాళ్లు చేసుకున్నాను. డిసెంబరులో పొడి రోజు చూసి మళ్లీ పల్చగా ఒక పొర కొడితే చాలావరకు సర్దుకుంది, పూర్తిగా కాదు. కాబట్టి సముద్రం పక్కన ఉండే మనకి టాప్‌కోట్ కాలం డిసెంబరు నుంచి ఫిబ్రవరి దాకానే. మిగతా నెలల్లో ఏసీ గదిలో భాగాన్ని పొడిగా ఉంచుకుని, బయటకి తెచ్చి పల్చగా కొట్టి వెంటనే లోపలికి తీసుకెళ్లే పద్ధతి ఉంది. పని చేస్తుంది గానీ అదృష్టం కూడా కలవాలి.

మిగతా ప్రశ్నలు త్వరగా తేలిపోతాయి. భాగం చదునుగా ఉందా, వంపు తిరిగిందా? కిట్టుని ఆడిస్తారా, అలమరలో పెడతారా? రంగు వేస్తున్నారా, అచ్చు ప్లాస్టిక్‌తోనే ఉంచేస్తారా? మీ కళ్లు, మీ ఓపిక ఏ స్థాయిలో ఉన్నాయి? చివరి ప్రశ్నని ఎవరూ అడగరు గానీ, చత్వారం వచ్చాక రెండు మిల్లీమీటర్ల డెకాల్ ఎక్కడుందో వెతకడానికే పావుగంట పడుతుంది.

| | అంచు కనబడటం | వంపు మీద | తప్పు జరిగితే | టాప్‌కోట్ లేకపోతే |
|---|---|---|---|---|
| ఫాయిల్ స్టిక్కర్ | బాగా | లేచిపోతుంది | ఒకట్రెండు సార్లు తీసి పెట్టొచ్చు | ఫర్వాలేదు |
| క్లియర్ స్టిక్కర్ | మెరుపుగా కనిపిస్తుంది | కొద్దిగా సాగుతుంది | తీయొచ్చు, జిగురు తగ్గుతుంది | ఫర్వాలేదు |
| డ్రై ట్రాన్స్‌ఫర్ | అసలుండదు | కష్టం | సెల్లోటేపుతో ఊడబీకి మళ్లీ కొత్తది | గీరుకుపోతుంది |
| వాటర్ డెకాల్ | చాలా తక్కువ | మెత్తబరిస్తే కూర్చుంటుంది | తడిగా ఉన్నంతసేపూ జరపొచ్చు | మెల్లగా రేగుతుంది |
| ఇంట్లో ముద్రించినది | కాగితాన్ని బట్టి | వాటర్ డెకాల్ లాగే | ఇంకోటి ముద్రించుకోవచ్చు | ఇంక్‌జెట్ అయితే రంగు కరుగుతుంది |

## ఫాయిల్ స్టిక్కర్

హెచ్‌జీ (హై గ్రేడ్, తేలిక రకం) కిట్లలో కళ్లకీ, కెమెరాలకీ ఇచ్చే వెండి పొర స్టిక్కర్ ఇది. చిన్నచూపు చూడొద్దు. ఆకుపచ్చ కంటి వెనక ఆ వెండి మెరుపు ఉంటేనే తల బతికినట్టు ఉంటుంది, రంగుతో ఆ మెరుపు తేవడం అంత తేలిక కాదు. మందం మాత్రం ఎక్కువ. ఛాతీ మీద ఎర్ర చతురస్రం లాంటి చదును చోట బాగుంటుంది. మొనతేలిన మూలలకి చుట్టాల్సి వస్తే రెండు వారాల్లో ముక్కు ఎత్తుతుంది. అలాంటి చోట స్టిక్కర్ కన్నా ఆ రంగు మార్కర్‌తో నింపడమే మేలు. టాప్‌కోట్ కొట్టేటప్పుడు కళ్లకి మాస్కింగ్ టేపు వేయడం మరిచిపోవద్దు, మ్యాట్ పడితే ఆ మెరుపంతా చచ్చిపోతుంది.

## క్లియర్ స్టిక్కర్

ఆర్‌జీ (రియల్ గ్రేడ్) కిట్లలో "రియలిస్టిక్ డెకాల్" అని ఇచ్చేది నిజానికి స్టిక్కరే. 2010లో ఆర్‌జీ వరస మొదలైన దగ్గర్నుంచీ అంతే. చిన్న చిన్న గుర్తులు కుప్పలుగా ఇస్తారు, కొన్నిటికి వెండి మెరుపు కూడా ఉంటుంది. ఎంజీ కిట్లలో గుర్తుల చుట్టూ పారదర్శక పొరతో వచ్చే కాగితమూ ఈ జాతిదే.

సుగుణం: ట్వీజర్‌తో ఎత్తి పెట్టేయడమే. నీళ్లూ మందులూ అక్కర్లేదు. అవగుణం: గుర్తు చుట్టూ ఉన్న ఆ పారదర్శక పొర. పక్కనుంచి లైటు పడితే భాగం మీద సెల్లోటేపు ముక్క అతికించినట్టు మెరుస్తుంది. కొంతమంది గుర్తు అంచుదాకా కత్తితో పొర కత్తిరించుకుంటారు. చిన్నవాటికి అది చేతకాదు, పెద్దవాటికి చేసి చూడండి, తేడా తెలుస్తుంది. మ్యాట్ టాప్‌కోట్ పడితే ఆ మెరుపు దాదాపు మాయమవుతుంది, కాబట్టి టాప్‌కోట్ కొట్టేవాళ్లకి క్లియర్ స్టిక్కర్ కూడా తగినంత చక్కగా కుదురుతుంది. నేను చూసినంతలో ఇది ఎవరూ గట్టిగా చెప్పరు.

పెట్టేటప్పుడు వేలితో ముట్టుకోవద్దు. ట్వీజర్ కొనతో ఒక మూల పట్టుకుని, రెండో మూలని ముందు తాకించి, తర్వాత వాల్చాలి. బీచ్ పక్క ఇళ్లలో గంటసేపు బయట ఉన్న భాగం మీద కూడా ఉప్పు జిడ్డు చేరుతుంది. అతికించే ముందు తడిగుడ్డతో తుడిచి ఆరబెడితే అంచు లేవడం సగం తగ్గుతుంది.

## డ్రై ట్రాన్స్‌ఫర్

రుద్దితే అంటుకునేది. అంచు లేదు, పొర లేదు, చక్కగా పడితే అచ్చు ముద్రలా ఉంటుంది. "చక్కగా పడితే" అన్నదే సమస్య. సరిగ్గా ఎక్కడ పెట్టాలో చూసి, కదలకుండా టేపుతో కట్టి, మొద్దు పెన్ను మొనతో రుద్దాలి. ఒకసారి అంటితే జరపడం లేదు. పాత కిట్టు అయితే కాగితం మీద అక్షరాలు పగిలిపోవడం కూడా చూశాను. చదును భుజం, కవచం మీద వాడండి. వంపు మీదైతే సగం అక్షరం కాగితం మీదే ఉండిపోతుంది. ఇంతకన్నా దీని గురించి చెప్పుకోవడానికి లేదు.

## వాటర్ డెకాల్

అందరూ చివరికి ఇక్కడికే వస్తారు, కాస్త ముందో వెనకో. పల్చటి పొర మీద ముద్రించిన గుర్తు, కింద జిగురు, దాని కింద కాగితం. నీళ్లలో ముంచితే జిగురు కరిగి గుర్తు జారుతుంది. కతోకీ హజిమే డిజైన్ చేసిన ఎంజీ "వర్ కా" వరస కిట్లలో చాలావాటికి ఇవే వస్తాయి, కొన్నిటికి వందల్లో ఉంటాయి. 2014 నుంచి బండై (గండమ్ కిట్లు చేసే కంపెనీ) తెస్తున్న స్టార్ వార్స్ కిట్లలో స్టిక్కర్లూ, వాటర్ డెకాళ్లూ రెండూ పెట్టెలోనే ఇస్తారు. తేడా మీ కళ్లతో మీరే చూసుకోవాలంటే ఒక ఎక్స్-వింగ్ నౌక కొనుక్కుని ఒక రెక్కకి స్టిక్కర్, ఇంకో రెక్కకి డెకాల్ పెట్టి చూడండి. నేను అలాగే నేర్చుకున్నాను.

ఒక్క డెకాల్ పెట్టే పని మొదటినుంచి చివరిదాకా ఎలా ఉంటుందో చెబుతాను. మే నెల, రాత్రి పదిన్నర, ఎంవీపీ కాలనీలో మూడో అంతస్తు. ముందు ఫ్యాను ఆపాలి. ఫ్యాను గాలికి రెండు మిల్లీమీటర్ల "కాషన్" (హెచ్చరిక) డెకాల్ ఎగిరి దివాను కిందకి వెళ్లిపోయిన సందర్భాలు నాకు మూడున్నాయి. ఫ్యాను ఆపిన రెండు నిమిషాలకి నుదుటి మీద చెమట. ఆ చుక్క భాగం మీద పడకుండా నెత్తికి గుడ్డ కట్టుకోవాలి. డెకాల్‌ని కత్తితో కోసి, ట్వీజర్‌తో పట్టుకుని, నీళ్లలో పదిహేను సెకన్లు ముంచి, తీసి తడి టిష్యూ మీద పెట్టాలి. నీళ్లలోనే వదిలేస్తే జిగురంతా కరిగిపోతుంది. ఒక నిమిషం ఆగి, వేలితో కాస్త తోస్తే జారుతోందా చూడాలి. జారితే భాగం మీద ఒక చుక్క నీళ్లు లేదా మార్క్ సెట్టర్ (అంటుకునేలా చేసే మందు) వేసి, కాగితం మీదనుంచి నేరుగా ఆ చుక్క మీదకి జార్చాలి. ఇప్పుడు అది పడవలా తేలుతుంది, నిదానంగా చోటుకి తెచ్చుకోవచ్చు. సరైన చోట ఉందనుకున్నాక ఇయర్ బడ్‌ని తడిపి పిండి, మధ్యనుంచి అంచులకి దొర్లించాలి. రుద్దకూడదు. పక్కలకి నీరు బయటకొస్తుంది. అప్పుడు ఊపిరి తీసుకుని ఫ్యాను వేసుకోవచ్చు.

నీళ్ల సంగతి కూడా చెప్పాలి. మా వీధిలో బోరు నీళ్లు ఆరితే గిన్నెకి తెల్ల మచ్చ పడుతుంది. అదే మచ్చ ముదురు రంగు ప్లాస్టిక్ మీద డెకాల్ చుట్టూ వలయంలా మిగులుతుంది. అందుకే ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ సీసా ఒకటి కొనుక్కున్నాను. ఏ బ్యాటరీ కొట్టులోనైనా దొరుకుతుంది, ఏడాదంతా వస్తుంది.

మందులు రెండు రకాలు. సెట్టర్ అంటుకోవడానికి, సాఫ్టర్ మెత్తబరచడానికి. జీఎస్ఐ క్రియోస్ వాళ్ల మిస్టర్ మార్క్ సెట్టర్, మిస్టర్ మార్క్ సాఫ్టర్, మైక్రోస్కేల్ వాళ్ల మైక్రో సెట్, మైక్రో సోల్ ఇక్కడ ఎక్కువగా దొరికేవి. సాఫ్టర్ వేసిన నిమిషంలో డెకాల్ ముడతలు పడి పాడైపోయినట్టు కనిపిస్తుంది. అప్పుడు ముట్టుకుంటే నిజంగానే పాడవుతుంది. అలా వదిలేస్తే ఆరేసరికి ప్యానెల్ గీతల్లోకి దిగి నున్నగా కూర్చుంటుంది. మొదటిసారి ఈ ముడతలు చూసి చేత్తో సర్దబోయి ఒక గుర్తుని ముద్ద చేసుకున్నాను.

ఇక సిల్వరింగ్. డెకాల్ కింద గాలి చిక్కుకుని వెండి మచ్చలా మెరవడం. గరుకు పైపొర మీదైతే పొర ఎత్తుపల్లాల మీద కూర్చుని కింద గాలి నిలుస్తుంది. అందుకే రంగు వేసినవాళ్లు డెకాళ్లకి ముందు గ్లాసీ కోట్ (మెరిసే క్లియర్ పొర) కొట్టి నున్నగా చేసుకుంటారు. అచ్చు ప్లాస్టిక్ మీదైతే పైపొర కొంత నున్నగానే ఉంటుంది గనక ఫర్వాలేదు. మచ్చ కనిపిస్తే సన్నటి సూదితో రెండు చోట్ల గుచ్చి, సాఫ్టర్ చుక్క వేయండి, గాలి దారి చూసుకుంటుంది.

క్రమం ఇదీ: గ్లాసీ కోట్, డెకాల్, కనీసం ఒక రాత్రి ఆరబెట్టడం, తడిగుడ్డతో మిగిలిన జిగురు తుడవడం, తర్వాత మ్యాట్. టాప్‌కోట్ మొదటి పొరని దూరంనుంచి పొగలా పల్చగా వేయండి. దట్టంగా కొడితే స్ప్రేలోని ద్రావకం డెకాల్‌ని తినేస్తుంది. మిస్టర్ సూపర్ క్లియర్ లాంటి లక్కర్ మీద ఈ జాగ్రత్త ఎక్కువ కావాలి. స్ప్రే డబ్బాలు విమానంలో పంపరు గనక ఆన్‌లైన్‌లో తెప్పిస్తే ఆలస్యమవుతుంది. డిసెంబరులో కొట్టాలంటే దసరా వెళ్లగానే ఆర్డరు పెట్టేయండి.

## ఇంట్లో ముద్రించడం

తమ పేరుతో గుర్తు కావాలనుకునేవాళ్లకి, కిట్టులో లేని నంబరు కావాలనుకునేవాళ్లకి ఇది. డెకాల్ కాగితం తెప్పించుకుని ముద్రించాలి. ఇంక్‌జెట్ అయితే ముద్రించాక క్లియర్ స్ప్రే రెండు పొరలు కొట్టి ఆరబెట్టకపోతే నీళ్లలో ముంచగానే రంగంతా కరిగిపోతుంది. లేజర్ అయితే ఆ బాధ లేదు, కానీ లేజర్ కోసమే చేసిన కాగితం కొనాలి. ఇంక్‌జెట్ కాగితాన్ని లేజర్ మెషీన్‌లో పెడితే ఆ వేడికి కాగితం మీది పొర లోపల అంటుకుంటుంది, జిరాక్స్ కొట్టు యజమాని మిమ్మల్ని మళ్లీ రానివ్వడు.

అసలు అడ్డంకి తెలుపు. ఇంటి ప్రింటర్‌కి తెల్ల ఇంకు ఉండదు. పారదర్శక కాగితం మీద పసుపు ముద్రించి నీలం భుజం మీద పెడితే ఆ పసుపు కనిపించదు. తెల్ల వెనకతో వచ్చే కాగితం వాడి గుర్తు అంచుదాకా కత్తిరించుకోవాలి, లేదా తెల్ల భాగాల మీదే సరిపెట్టుకోవాలి. అందుకే అంతరిక్ష నౌకల తెల్ల ఒంటి మీద నంబర్లకి ఇది బాగా పని చేస్తుంది, ముదురు రోబోల మీద అంతగా కాదు.

పెద్ద రంగు పట్టీలకి అసలు డెకాల్ వద్దు. మాస్కింగ్ టేపు వేసి రంగు వేయడమే శుభ్రం.

## మీరు ఎవరైతే ఏది

మొదటి హెచ్‌జీ కిట్టు, పిల్లాడితో కలిసి కట్టారు, వాడు ఆడుకుంటాడు: పెట్టెలో వచ్చిన స్టిక్కర్లే. వాటర్ డెకాల్ మీద ఖర్చు పెట్టొద్దు, వారంలో మోకాళ్లన్నీ గోకేస్తాడు.

ఆర్‌జీ ఉంది, టాప్‌కోట్ కొట్టే చోటు లేదు: రియలిస్టిక్ డెకాళ్లలో సగమే పెట్టండి. నిజం చెప్పాలంటే అన్నీ పెడితే రోబో కాదు, పార్సిల్ లారీలా అవుతుంది. ఛాతీ, భుజాలు, ఒక కాలి పక్క, అంతే చాలు.

నేవీలోనో, ఎప్పుడైనా బదిలీ అయ్యే ఉద్యోగంలోనో ఉన్నారు, సామాన్లు సర్దుకుంటూ ఉండాలి: క్లియర్ స్టిక్కర్ ప్లస్ మ్యాట్. పొర కొట్టిన వాటర్ డెకాల్ కూడా నిలుస్తుంది గానీ ప్రయాణంలో పెచ్చు లేస్తే సరిచేయడం కష్టం. స్టిక్కర్ అయితే కొత్తది పెట్టేసుకోవచ్చు.

కళ్లద్దాలు పెట్టుకునే వయసు, ఓపిక తక్కువ: పెద్ద గుర్తులకి వాటర్ డెకాల్, చిన్నవాటిని వదిలేయండి. దూరంనుంచి చూసేవాళ్లకి ఆ రెండు మిల్లీమీటర్ల రాతలు చదవడం కుదరదు, మీకు కూడా కుదరదు.

అలమర కోసం, రంగు వేసి, ఏడాదికి ఒకటో రెండో కట్టేవాళ్లు: వాటర్ డెకాల్, ఇంకో మాట లేదు. వానాకాలంలో కట్టుకోండి, రంగూ గ్లాసీ కోటూ బ్రష్‌తో వేసుకోండి, డెకాళ్లూ పెట్టుకోండి. పొడి నెలల దాకా మూత ఉన్న డబ్బాలో ఉంచి, అప్పుడు మ్యాట్ కొట్టండి. డెకాళ్లు పెట్టాక టాప్‌కోట్ దాకా నెలల తరబడి ఆగాల్సొస్తే కీళ్లని కదపొద్దు, అంతే.

డెకాల్ షీట్లు దాచుకోవడం గురించి ఒక మాట. మన తేమకి జిగురు తనంతట తానే మేలుకుని షీటు మీది కవరు కాగితాన్ని పట్టుకుంటుంది. జిప్‌లాక్ కవర్లో, బూట్ల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లంతో పెట్టి అలమరలో ఉంచండి. ఇప్పటికే పసుపు తిరిగిన పాత షీటు మీ దగ్గరుంటే దాన్ని కవర్లోనే పెట్టి తూర్పు కిటికీ అద్దానికి టేపుతో అతికించండి. కొన్ని రోజుల ఎండకి పసుపు చాలావరకు తగ్గుతుంది. పొర పగుళ్లు పట్టి ఉంటే మాత్రం ఎండ పని చేయదు. మైక్రోస్కేల్ లిక్విడ్ డెకాల్ ఫిల్మ్ ఒక పొర బ్రష్‌తో పూసి, ఆరాక ముందు అక్కర్లేని మూల గుర్తు ఒకటి ముంచి చూడండి. అది ముక్కలవ్వకుండా జారితే మిగతా షీటు ఇంకా పనికొస్తుంది.